ఆంజినమ్మ వెనకవైపు

మా అక్క కోసం నేను మీసం తీయించుకున్నాను. యాభై దాటిన మగవాడు, సోమందేపల్లెలో నలుగురికీ తెలిసినవాడు, ఉన్నట్టుండి నున్నటి మూతితో టీ అంగడికి వెళితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. "ఏమప్పా యేసన్నా, నాటకంలో ఆడవేషం కట్టినావా?" అన్నాడొకడు. పక్కనున్నవాడికి నవ్వాపుకోలేక టీ పొలమారింది. మామూలుగా అయితే నా నోరు ఊరుకునేది కాదు. ఆ రోజు టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశాను. నవ్వినవాళ్ల మీద నాకు కోపం లేదు. మీసం పోయింది, పని కాలేదు, అదీ నా ఏడుపు.

పని అంటే బొమ్మ పని. మా బావ నిమాయ్ పాల్ శిల్పి. హైవే పక్కన రేకుల షెడ్డు ఒకటి, దాని ముందు చేయెత్తి నిలబడ్డ నాయకులు, ఇంకా చేతులు రాని నాయకులు, తలకాయ కోసం చూస్తున్న నాయకులు కనిపిస్తారు చూడండి, అదే ఆయన చోటు. అచ్చులు తీయడం, సిమెంటు పోయడం నా పని. మొహం మాత్రం ఆయన పని. అందులో నన్ను వేలు పెట్టనిచ్చేవాడు కాదు.

ఆయనది బెంగాల్. వాళ్ల నాయన సరిహద్దు అవతలి నుంచి కట్టుబట్టలతో వచ్చి, కుమ్మరి వీధిలో దుర్గమ్మ బొమ్మలు చేసి పిల్లల్ని సాకినవాడట. కొడుకు ఇంకొంచెం దూరం నడిచాడు. బెంగళూరులో వినాయకుడి బొమ్మలు చేయించే కాంట్రాక్టరు ఒకడు మా కాలనీ అంబేద్కర్ విగ్రహం ఒప్పుకుని, చేయడానికి ఈయన్ని మా దగ్గర దింపిపోయాడు. విగ్రహం అయింది. కాంట్రాక్టరు మళ్లీ రాలేదు. ఈయన మళ్లీ పోలేదు.

మా అమ్మ సారా ఆయన్ని పేరు అడిగితే "పాల్" అన్నాడు. మన పౌలే అనుకుని ఆమె ఆదివారం ప్రార్థనకు రమ్మంది. వచ్చి చాప మీద బుద్ధిగా కూర్చుని, ఒక్క ముక్క అర్థం కాకపోయినా పాటలకు చప్పట్లు కొట్టాడు. వాళ్ల పక్క కుమ్మరోళ్లందరికీ పాల్ అనే ఇంటిపేరని మాకు తెలిసేసరికి మా అక్క సువార్త ఆయన భార్య అయిపోయింది. మా అమ్మ నెత్తి కొట్టుకుంది. మా అక్క నవ్వింది. ఆ పేరు ఆయన నోట తిరగలేదు, ఆమె బతికినన్నాళ్లూ 'సుబార్తా' అనే పిలిచాడు. ఆమె దానికీ నవ్వేది.

నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకునేది. మా పక్క బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్ల పళ్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు, పసుపు చారలు పడిపోతాయి. నాకైతే మీసం ఉండేది, కాస్త కప్పేది. ఆడమనిషి ఏం చేస్తుంది? కొంగో, అరచేయో అడ్డం పెట్టుకునేది. కూతురు జాయ్ పెండ్లి ఫోటోల్లో అంతే, ఫోన్లలో తీసినవాటిలో అంతే. కళ్లు నవ్వుతూ ఉంటాయి, నోటికి కొంగు అడ్డం ఉంటుంది. ఆధార్ కార్డులో మాత్రం చేయి తీయమన్నారు. అందులో ఎవరో దొంగతనం మోపినట్టు పెదవులు బిగించుకుని ఉంది. అది మా అక్క కాదు.

మా బావ పనితనం గురించి చెప్పాలి. పెద్ద విగ్రహాల గురించి కాదు. వాటికి ఆయన ఏనాడూ విలువ ఇవ్వలేదు. ఏ నాయకుడైనా మెడలో కండువా, పైకెత్తిన చేయి, అంతే. ఎన్నికల కోడ్ వస్తే గోనెపట్టా కప్పుతారు, కోడ్ పోతే పూలదండ వేస్తారు. ఒకసారి పెద్ద ఊళ్లో ఈయన చేసిన విగ్రహం ఆవిష్కరణ జరిగితే, చేసినవాణ్ని వేదిక దగ్గరకు కూడా రానివ్వలేదు. పోలీసు కర్ర అడ్డం పెట్టాడు. మేమిద్దరం దూరంగా చెరుకురసం తాగుతూ చూసి వచ్చాం. "బొమ్మలోంచి నేనే చూస్తాండా గదా వాళ్లను" అన్నాడు బావ. నాకు మాత్రం ఆ పోలీసు మీద ఇప్పటికీ కోపమే.

ఆయన ప్రాణం పెట్టింది మామూలు మనుషుల తలబొమ్మల మీద. మా పక్క చనిపోయినవాళ్లను సొంత చేనులోనే పూడ్చి, సమాధి కట్టి, చేతనైనవాళ్లు దాని మీద బొమ్మ పెట్టుకుంటారు. తల నుంచి రొమ్ము దాకా ఉండే బొమ్మ. వాటి కోసం గోరంట్ల నుంచీ ముదిగుబ్బ నుంచీ జనం వచ్చేవాళ్లు. చేతిలో ఒక రేషను కార్డు ఫోటో. అందులో మనిషి ఎదురుగా గుడ్లప్పగించి చూస్తుంటాడు. దాన్ని పట్టుకుని బావ మట్టిలో మనిషిని లేపేవాడు.

మట్టి బొమ్మను తడిగా ఉంచాలి. కరువు పక్క బొమ్మలు తడపడమంటే మాటలా? కుళాయి దగ్గర మా అక్కకు రోజూ యుద్ధమే. "బతికినోళ్లకు గొంతు తడుపుకునేదానికి నీళ్లు లేవు, మీరు చచ్చినోళ్ల మొగాలు తడుపుతారా?" అని తిట్టేవాళ్లు. అక్క బిందె ఎత్తుకుని "మీ ఇంటాయన మొగం తడిపే రోజు రాకూడదని యేసయ్యను అడుగుతాలే" అని వచ్చేసేది. ఆ నోరు మా ఇంటి నోరు.

బొమ్మ అయ్యాక, అచ్చు తీయకముందు, బావ ఇంటివాళ్లను పిలిపించేవాడు. దాన్ని మేము 'చూపు' అనుకునేవాళ్లం. తడిగుడ్డ తీసి ఆయన బొమ్మను చూడడు, వచ్చినవాళ్ల మొహాలు చూస్తాడు. వాళ్లు ఏడ్చారా, అచ్చుకు ఇచ్చేస్తాడు. "బాగుండాదన్నా" అన్నారా, వాళ్లు బస్సెక్కేలోగా ముక్కు దగ్గర్నుంచి చెరిపేస్తాడు. మొదట్లో నాకు ఒళ్లు మండేది. మెచ్చుకుంటే చెరపడం ఏమిటి?

"బొమ్మ బాగుండాది అంటాండారు యేసన్నా. మనిషి వచ్చినాడని అనలేదు" అనేవాడు.

ముదిగుబ్బ దగ్గర పల్లె నుంచి కుళ్లాయప్ప అనే రైతు భార్య ఆంజినమ్మ బొమ్మ చేయించుకున్నాడు. చూపుకు వచ్చిన రోజు ఏడవలేదు, మెచ్చుకోలేదు. గుడ్డ తీయగానే రుమాలు నేలకు కొట్టి, "ఇన్నాళ్లూ యాడికి పోయింటివే?" అని మట్టిబొమ్మను కసిరాడు. బావ అంత సంతోషంగా ఉండగా నేను మళ్లీ చూడలేదు.

రేషను కార్డు ఫోటోలో ముందరే ఉంటుంది. చెవులు, మెడ, జుట్టుముడి, వెనక భాగం ఎక్కణ్నుంచి తేవాలి? చచ్చినవాడు మగవాడైతే తమ్ముణ్నో కొడుకునో కూర్చోబెట్టి వాళ్ల చెవులు పెట్టేవాడు. ఆడవాళ్ల విషయంలో ఆ వీలు లేదు. వేరే ఊరి మనిషి ముందు, అందులోనూ భాష సరిగా రానివాడి ముందు, మా ఇంటి ఆడబిడ్డ కొంగు తీసి కూర్చోవాలా అని గొడవకు వచ్చేవాళ్లు. అందుకని మా అక్కను కూర్చోబెట్టేవాడు. షెడ్డు వాకిట్లో స్టూలు. ఆమె రోడ్డు వైపు తిరిగి, చేట ఒళ్లో పెట్టుకుని, రైతుల విత్తనానికి కూలికి చెనక్కాయలు, అదే వేరుశనగలు, ఒలిచేది. ఆయన వెనక కూర్చుని చేసుకునేవాడు. ఎవరి మొహమైనా కానీయండి, చెవులు మా అక్కవే, మెడ మా అక్కదే, ముడి మా అక్కదే. ఎడమచెవి తమ్మె మాత్రం వదిలేసేవాడు. చిన్నప్పుడు మేకపిల్ల కమ్మను లాగితే అది రెండుగా చీలింది. ఊరివాళ్ల భార్యలకు ఆ చీలిక ఎందుకని, బొమ్మల్లో అతికించి పెట్టేవాడు.

"తల కొంచెం ఎత్తు సుబార్తా" అనేవాడు.

"ఎత్తితే చెనక్కాయలు కనపడవు" అనేది.

ఆమె మొహం మాత్రం ఆయన ఎప్పుడూ చేయలేదు. పెండ్లయిన కొత్తలో మొదలుపెట్టాడు. నుదురు, ముక్కు వచ్చాయి. మా అమ్మ చూసింది. బతికున్నవాళ్ల బొమ్మ చేస్తే ఆయుష్షు తగ్గుతుందని మా ఊళ్లో అంటారు. మా అమ్మ బైబిలు చంకలోంచి దించని మనిషే. ఈ ఒక్క సంగతిలో బైబిలును కాదని ఊరి వైపు నిలబడింది. "నా బిడ్డను చచ్చినోళ్ల వరసలో పెడతావా?" అంటూ అరచేత్తో ఆ మట్టి మొహాన్ని చదునుగా నొక్కేసింది. బావ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అక్కే వేళాకోళం చేసేది. "నేను పోయినాక చేద్దువులే. అప్పుడైతే కదలకుండా కూర్చుంటా."

ఈ ఏడు ఉగాదికి ముందు, ఎండ అప్పుడే ముదురుతోంది. ఎవరో గోరంట్ల ఆడమనిషి బొమ్మ జరుగుతోంది. అక్క స్టూలు మీద కూర్చుంది, బావ వెనక కూర్చున్నాడు. నేను అవతల ప్లాస్టరు జల్లిస్తున్నాను. "తల ఎత్తు సుబార్తా" అన్నాడు. ఎత్తలేదు. నిద్ర పట్టిందేమో అనుకున్నాడు. ఎన్నేళ్లకో ఆమె ఇంత కదలకుండా కూర్చుందని, పోనీలే అని, చకచకా పని చేసుకున్నాడు. మెడ పూర్తి చేశాడు. ముడి పూర్తి చేశాడు. "ఈ పొద్దు బలే కూర్చున్యావే" అని నవ్వుతూ లేచి ముందుకు వెళ్లాడు.

ఆ తరువాత ఆయన వేసిన కేక నేను చెప్పలేను. చేటలోని గింజలు ఒళ్లో అలాగే ఉన్నాయి. ఒక కాయ వేళ్ల మధ్య సగం చీలి ఉంది. గుండె ఆగిపోయి చాలాసేపు అయిందన్నారు హిందూపురం ఆసుపత్రిలో.

సాయంత్రం వచ్చి ఆ గోరంట్ల బొమ్మను ఆయనే పారతో కొట్టేశాడు. నేను ఆపలేదు. "ఎదురుగా కూర్చోబెట్టుకోనుంటే మొగం చూసుందును గదా యేసన్నా" అన్నాడు. "నొప్పి మొగంలో కనపడతాది. ఈపులో కనపడదు." నా బాధా అదే. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు.

అక్కను మా కాలనీ సమాధుల దొడ్డిలో పెట్టాం. మాకు చేను లేదు. బొమ్మ అక్కడే పెడతానన్నాడు బావ. ఎంతమంది ఆడవాళ్లనో లేపిన చేయి, సొంత భార్యను లేపదా అని నేనూ అనుకున్నాను. అప్పటికే ఆయన కుడిచేతికి వణుకు పట్టుకుంది. డాక్టరు మాత్రలు ఇచ్చాడు, పెరుగుతుందేగానీ తగ్గదనీ చెప్పాడు. కాబట్టి ఆలస్యం చేయడానికి లేదు. చేయి పూర్తిగా పోయేలోపు అక్క మొహం రావాలి. ఆ ఇంట్లో అప్పట్నుంచి ఇంకో మాట లేదు.

కళ్లు ఫోటోల్లోంచి తీసుకున్నాడు, వచ్చాయి. నుదురు వచ్చింది. నోటి దగ్గర ఆగిపోయాడు. అన్ని ఫోటోల్లోనూ కొంగే. "ఇన్నేండ్లు ఎదురుగా కూర్చోని అన్నం తిన్యావు, నోరు తెలీదా?" అని అరిచాను. "కంటికి తెలుసు. చేతికి తెలీదు" అన్నాడు. "చేతికి ఈపే తెలుసు."

అప్పుడు నా మొహం వంక చూశాడు. ఒక తల్లి పిల్లలం. చచ్చిన మగవాడికి తమ్ముడి చెవులు పెట్టినవాడు కదా, తమ్ముడి నోరు అక్కకు పెట్టకూడదా? అడగడానికి మొహమాటపడ్డాడు. నేనే మంగలి దగ్గరకు వెళ్లాను.

స్టూలు మీద నన్ను ఎదురుగా కూర్చోబెట్టాడు. నవ్వమన్నాడు. ఏం నవ్వు వస్తుంది? "కుళాయి కాడ మీ అక్క తిట్లు తలుచుకో" అన్నాడు. తలుచుకుంటే నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది, ఆ రెండింట్లో ఏది బొమ్మకు ఎక్కిందో నాకు తెలియదు. చేయి వణికితే ఎడమచేత్తో మణికట్టు పట్టుకుని నొక్కి చేశాడు. ఎన్నో పూటలు అలా కూర్చున్నాను.

చూపు రోజున జాయ్‌ను పిలిపించాం. హిందూపురంలో బట్టల కంపెనీలో పని, ఒకపూట సెలవు పెట్టి వచ్చింది. కాలనీ ఆడవాళ్లూ వచ్చారు. కుళాయి దగ్గర తిట్టినవాళ్లే ఇద్దరు బిందెలతో నీళ్లు తెచ్చి పెట్టారు. బావ గుడ్డ తీశాడు. తీసి, అలవాటుగా కూతురి మొహం చూశాడు.

జాయ్ చాలాసేపు చూసింది. పెదవి కొరుక్కుంది. తండ్రి చేతి వణుకు చూసింది. ఆ పిల్లకు చిన్నప్పట్నుంచీ ఈ షెడ్డు తెలుసు, ఏ మాట అంటే ఏమవుతుందో కూడా తెలుసు. అబద్ధంగా ఏడుద్దామని చూసిందనుకుంటాను. కన్నీళ్లు రావాలి కదా.

"బాగుండాది నాయనా" అంది.

వెనకున్న ఆడవాళ్లు కూడా మర్యాదగా "బాగుండాది, బాగుండాది" అన్నారు. బావ తలూపాడు. అందరికీ టీ ఇప్పించాడు. వాళ్లు వెళ్లాక నోటి మీద బొటనవేలు పెట్టి నొక్కేశాడు. మళ్లీ చేశాడు. అది ఇంకా అధ్వాన్నం. ఈసారి చూపు కూడా పెట్టలేదు, నన్ను అడిగాడు. నాకు ఏడుపు రాలేదు, అది ఆయన చూశాడు. ఆ బొమ్మ మా అక్క కళ్లు పెట్టుకున్న నేను, అంతే. ఆ తరువాత చేయి ఇక మట్టి మీద నిలవలేదు. చెంచా పట్టుకుంటే సాంబారు ఒలికిపోయేది.

కొన్నాళ్లు గడిచాయి. ఒక పొద్దున ఉన్నట్టుండి అన్నాడు. "మొగం రాదులే యేసన్నా. ఎనకపక్కనన్నా తెచ్చుకుందాం."

"యాడ్నుంచి?"

"కుళ్లాయప్ప చేనులో ఉండాది గదా."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. చేయి మంచిగా ఉన్న రోజుల్లో చేసిన అక్క మెడ, చెవులు, ముడి ఈ జిల్లా చేలల్లో ఎక్కడబడితే అక్కడ ఉన్నాయి. తక్కినవాళ్లు సమాధులకు ఏటేటా రంగులు పూసి పూసి బొమ్మల చెవులు పూడ్చేశారు. కుళ్లాయప్ప ఒక్కడే, నా పెండ్లానికి రంగు ఎందుకు, చామనచాయే బాగుంటుందని వట్టి సిమెంటుతోనే ఉంచుకున్నాడు. దాని మీద ప్లాస్టరు వేస్తే అచ్చు వస్తుంది. అచ్చు తీయడం నా పని, నా చేయి బాగానే ఉంది. ఆ అచ్చులోంచి వెనకభాగం పోసి, చెవి తమ్మె చీల్చి, అక్క సమాధి మీద వీపు మన వైపు తిప్పి పెడదాం అన్నాడు. ఇంత పిచ్చి ఆలోచన నేను వినలేదు. అయినా సంచీలో ప్లాస్టరు, తట్ట, కొబ్బరినూనె సీసా, నీళ్ల డబ్బా సర్దాను.

గోరంట్ల మీదుగా కదిరికి పోయి, అక్కణ్నుంచి ముదిగుబ్బ బస్సెక్కాం. దిగి నడిచాం. కుళ్లాయప్ప చేను గుర్తుపట్టలేకపోయాం. చెనక్కాయ చేను మొత్తం సోలార్ పలకలు. సమాధి చుట్టూ నాలుగు గజాలు మాత్రం వదిలి కంచె వేశారు. పలకల నీడలో గొర్రెలు మేస్తున్నాయి. మనిషి కనిపించలేదు.

మేము వెళ్లిన దారి బొమ్మకు వెనకవైపు వచ్చింది. నేను ముందు నడుస్తున్నాను. తల ఎత్తి చూసేసరికి, దేవుడి తోడు, మా అక్క కూర్చుని ఉంది. కొంచెం వంచిన మెడ. పక్కకు జారిన ముడి. ఒళ్లో చేట ఒకటే తక్కువ. సంచీ కింద పడేసి, ఎర్రటి ఎండలో, ఆ కంచె పట్టుకుని ఏడ్చాను. అక్కను పూడ్చిన రోజు కూడా నేనంత ఏడవలేదు. బావ నా మొహాన్నే చూస్తున్నాడు. చూసి తలూపాడు. ఇదీ చూపే కదా మరి.

కంచె దాటి బొమ్మ దగ్గరకు వెళ్లాం. నేను తట్టలో ప్లాస్టరు కలిపాను. ప్లాస్టరు అతుక్కుపోకుండా బావ బ్రష్షుతో చెవికి నూనె రాయడం మొదలుపెట్టాడు. చేయి వణికి నూనె మెడ మీదికి కారుతోంది.

"ఎవరప్పా ఆడ? మా ఆమెను ఏం చేస్తాండారు?"

కుళ్లాయప్ప కర్ర ఎత్తుకుని పలకల కిందనుంచి వచ్చాడు. బాగా ముసలివాడైపోయాడు. దగ్గరికి వచ్చి బావను గుర్తుపట్టి కర్ర దించాడు.

"బొమ్మలన్నా, నువ్వా! ఏమి చేస్తాండావు?"

"నూనె రాస్తాండా. ఎండకు పగలకుండా" అన్నాడు బావ. ఆయనకు అబద్ధం చేతకాదు.

"ఎండకు పగిలేది నేను. ఆమెకేమి, రాయి మాదిరి ఉండాది" అని నవ్వి, మా ముగ్గురికీ ఆంజినమ్మే వండిపెట్టబోతున్నట్టు "కూర్చోండి, కూర్చోండి" అన్నాడు. "మీ ఇంటామె బాగుండాదా? బొమ్మ చూసేదానికి వచ్చిన పొద్దు నాకు చెంబెడు మజ్జిగ ఇచ్చినాది. ఆ కడుపుమంటలో నేను నీళ్లన్నా తాగలేదు, ఆమె బలవంతంగా తాపినాది."

బావ నా వైపు చూశాడు.

"పోయిందన్నా. ఉగాదికి ముందర" అన్నాను నేను.

కుళ్లాయప్ప కర్ర కింద పెట్టాడు. బావ చేతిలోని బ్రష్షు చూశాడు, నూనె కారుతున్న చెవి చూశాడు, తట్టలో తెల్లటి ప్లాస్టరు చూశాడు. లేచి, చుట్టూ తిరిగి, బొమ్మ వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

"నాకు అప్పుడే తెలుసప్పా" అన్నాడు. "మా ఆంజినికి జుట్టు యాడిది? జరమొచ్చి రాలిపోయి ఎలకతోక మాదిరి అయిండె. నువ్వేమో ఇంత ముడి పెట్టినావు. ఆ పొద్దు మీ ఇంటామె వాకిట్లో ఈపు ఇట్ల తిప్పుకోని చెనక్కాయలు ఒలస్తాండె. ఆ ముడీ చూస్తి, ఈ ముడీ చూస్తి. అడుగుదామనుకుంటి. మొగం ఆంజినిదే గదా, ఇంగ ఎనక ఎవురిదైతే ఏమిలే అని ఊరకుంటి."

బావ బ్రష్షు కింద పెట్టాడు.

"చేను ఇచ్చేసినాక నాకు పనేముండాది. దినామూ ఆమె ముందర కూర్చోని మాట్లాడతా. గొర్రె ఈనింది, మోడం పట్టింది, కురవకుండా పోయింది, అన్నీ చెప్తా. ఎనకపక్క మాత్రం ఎప్పుడూ కూర్చోలేదన్నా. అది మన ఆడమనిషి కాదు గదా అని."

నేను మొహం పక్కకు తిప్పుకున్నాను. కుళ్లాయప్ప భుజం మీది తువ్వాలు తీసి, బొమ్మ వెనక గచ్చు మీది దుమ్ము దులిపాడు.

"అచ్చు గిచ్చు తీసుకుంటే తీసుకో, నేనేమీ అనుకోను. ముందర నువ్వు ఈడ కూర్చో. నేను ఆ పక్క కూర్చుంటా. ఆడోళ్లు ఇద్దరూ మన మాట వింటారు."

ఆయన అటువైపు వెళ్లి కూర్చున్నాడు. మామూలు గొంతుతో, ఏదో గొర్రెపిల్లకు కాలు విరిగిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. బావ ఇటువైపు కూర్చున్నాడు. షెడ్డులో కూర్చున్నట్టే, వెనక, మూరెడు దూరంలో. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. తరువాత "సుబార్తా" అన్నాడు. తరువాత ఆయన భాషలో ఏదేదో మాట్లాడాడు. ఇన్నేళ్లలో మాలో ఎవరమూ నేర్చుకోని భాష అది. అక్కకు కూడా రాదు. నేను నిలబడి విన్నాను. చివర్లో రెండు ముక్కలు మాత్రం మా మాటల్లోనే అన్నాడు.

"తల ఎత్తొద్దులే సుబార్తా. అట్లే కూర్చో."

అటు కూర్చోవాలో ఇటు కూర్చోవాలో తెలియక నేను తట్ట పట్టుకుని మధ్యలో నిలబడ్డాను. కలిపిన ప్లాస్టరు అప్పటికే తట్టలో గట్టిపడిపోయింది.